చేతి కుట్టుపనిని గుర్తించడానికి బట్ట వెనక వైపు ఏం చూడాలి?

ప్రశ్న

నమస్కారం. దీపావళికి మా అమ్మగారికి ఒక చికన్‌కారీ (లక్నో కుట్టుపని) చీర, ఆ తర్వాత రాబోయే మా మేనకోడలి పెళ్ళికి నాకు ఒక మగ్గం వర్క్ జాకెట్టు తీసుకోవాలనుకుంటున్నాను. ఏ దుకాణానికి వెళ్ళినా ప్రతిదాన్నీ పూర్తిగా చేతి పనే అంటున్నారు. బట్టను తిప్పి చూడమని, వెనక ముడులు, చిందరవందరగా పోగులు కనిపిస్తే చేతి పని అని, శుభ్రంగా ఉంటే యంత్రం పని అని తెలిసినవారు చెప్పారు. కానీ మా బంధువులు కర్ణాటకలోని ధార్వాడ నుంచి తెచ్చిన కసూతి కుట్టు చీరను తిప్పి చూస్తే వెనక వైపు కూడా ముందు వైపంత చక్కగా ఉంది, ఒక్క ముడి కూడా లేదు. అది యంత్రం మీద కుట్టినదేనా? అసలు ఈ పరీక్షను ఎంతవరకు నమ్మవచ్చు?

సమాధానం 1

ఆ కారణంతో ఆ చీరను అనుమానించకండి. ముడి వేయకపోవడం కసూతిలో నియమం. ధార్వాడ, హుబ్బళ్ళి ప్రాంతాల ఈ కుట్టులో బట్ట మీద ముందుగా బొమ్మ గీసుకోరు. నేతలోని పోగులను లెక్కపెట్టుకుంటూ సూది నడుపుతారు. గవంతి అనే కుట్టులో సూది ఒక కుట్టు వేసి ఒక కుట్టంత ఖాళీ వదులుతూ చివరిదాకా వెళ్ళి, అదే దారిన తిరిగి వస్తూ ఆ ఖాళీలను పూరిస్తుంది కాబట్టి గీత రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. మెట్లు మెట్లుగా సాగే ముర్గి కూడా ఇంతే. పల్లూ మీద గోపురం, రథం, ఏనుగు వంటి రూపాలను ఇలా కేవలం లెక్క మీద కుట్టుకుపోయే చేతులను ఎంత మెచ్చుకున్నా తక్కువే. నేగి, మెంతి అనే మిగతా రెండు కుట్లలో మాత్రం వెనక వైపు వేరుగా ఉంటుంది. అక్కడ రెండు వైపులా ఒకేలా లేదని తప్పు పట్టకూడదు.

కసూతికి భూతద్దంతో చేసే పరీక్ష మేలు. చేతితో లెక్కపెట్టి కుట్టినప్పుడు సూది పోగుకూ పోగుకూ మధ్య సందులోంచి దిగుతుంది. యంత్రానికి ఆ లెక్క ఉండదు కనుక సూది పోగును చీల్చుకుంటూ కూడా దిగుతుంది.

సమాధానం 2

పై సమాధానంతో ఏకీభవిస్తూ మగ్గం వర్క్ గురించి చెబుతాను. ఇక్కడ కూడా వెనక వైపు చిందరవందరగా ఉండాలని ఆశించకూడదు. బట్టను చట్రానికి బిగించి, కింది చేత్తో దారం అందిస్తూ, పై చేతిలోని కొక్కెం సూదితో దాన్ని ఉచ్చులుగా పైకి లాగుతారు. అందువల్ల పైన గొలుసు కుట్టు, కింద వరుసగా చిన్న చిన్న గీతలు వస్తాయి. చేయి తిరిగిన పనివారిదైతే ఆ గీతలు ఎంతో పొందికగా ఉంటాయి. కంప్యూటర్ ఎంబ్రాయిడరీలో పై దారం వేరు, కింద బాబిన్ దారం వేరు. వెనక సాధారణంగా తెల్ల దారం, కుట్ల మధ్య చిక్కుకున్న కాగితం లాంటి పొర కనిపిస్తాయి.

నేనైతే వెనక వైపు కంటే ముందు డబ్కాను చూస్తాను. అది సన్నని స్ప్రింగులా చుట్టిన లోహపు తీగ. దాన్ని కత్తెరతో ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కనూ పూసలా దారానికి ఎక్కించి కుడతారు. దగ్గరగా చూస్తే ముక్కల పొడవుల్లో స్వల్పమైన తేడా, ఆకు చివర వంపు తిరిగే చోట పొట్టి ముక్క పడటం తెలుస్తాయి. కుందన్ రాళ్ళు జిగురుతో అంటించి ఉన్నాయని మాత్రం వెనుకాడకండి. చేతి పనిలోనూ రాయిని ముందు అంటించి, తర్వాత చుట్టూ జరీ కుట్టడం మామూలే.

మరో మాట. కుట్టించిన జాకెట్టును మగ్గానికి ఇవ్వకండి. టైలర్ చేత విడి గుడ్డ మీదే మెడ, చేతుల కొలతలు గీయించి ఇస్తే, పని పూర్తయ్యాక కత్తిరించి కుడతారు. పెళ్ళిళ్ళ రోజుల్లో పనివారి మీద ఒత్తిడి ఎక్కువ కాబట్టి త్వరగా ఇచ్చేయండి. తొందరపెడితే ఆ తొందర కుట్టులో కనిపిస్తుంది.

సమాధానం 3

చికన్‌కారీ సంగతి ఇంకోలా ఉంటుంది. 2008లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ లక్నో పనిలో బఖియా అనే కుట్టును బట్ట వెనక నుంచే వేస్తారు. దారాలు వెనక అడ్డదిడ్డంగా దాటుతాయి, పలుచని బట్టలోంచి వాటి నీడ ముందుకు కనిపిస్తుంది. అసలు అందమంతా ఆ నీడే. అంటే వెనక దారాలు నిండుగా ఉండటం ఇక్కడ ఆ కుట్టు స్వభావం.

అమ్మగారి చీరలో జాలీ ఉంటే దాన్ని శ్రద్ధగా చూడండి. మంచి పనిలో బట్టను కోయరు, పోగు తీయరు. సూదితో నేత పోగులను పక్కకు జరిపి, దారంతో బిగించి సన్నని రంధ్రాలు చేస్తారు. కోసిన అంచులు కనిపిస్తే అది జాలీ కాదు. బియ్యపు గింజ ఆకారంలో ఉండే ముర్రి, చిన్న చుక్కలా ఉబికి ఉండే ఫందా వేలికి తగలాలి. ఉతకని చీరైతే అచ్చు వేసిన నీలి గీతలు అక్కడక్కడ కనిపించవచ్చు. కుట్టు పూర్తయ్యాక ఉతికి తీసేసేవే అవి, మరకలు కావు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. కసూతి చీర విషయంలో నా అనుమానం తీరింది, భూతద్దంతో కూడా చూస్తాను. మగ్గం జాకెట్టును పెళ్ళి తర్వాత ఎలా దాచాలో కూడా చెబుతారా?

సమాధానం 2 ఇచ్చినవారు

చెమట పూర్తిగా ఆరేదాకా నీడలో ఉంచి, తిరగేసి, పాత మెత్తని నూలు గుడ్డలో చుట్టండి. ప్లాస్టిక్ సంచిలో పెట్టకండి, తేమ లోపలే నిలిచిపోతుంది. డబ్కా బరువుకు భుజాలు సాగుతాయి కాబట్టి హ్యాంగర్‌కు తగిలించవద్దు. కొన్ని నెలలకోసారి తీసి మడతలు మార్చండి. సెంటు చల్లుకోవడం జాకెట్టు తొడుక్కోక ముందే పూర్తిచేసుకోండి. జరీ మీద పడితే నల్లబడుతుంది.