రెట్రో కంప్యూటర్ల గ్రూపు వదిలేస్తున్నా, నా ఎమ్యులేటర్ సంగతి ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. ఉండేది బెంగళూరు, మారతహళ్ళి వైపు. పగలు ఆఫీసులో జావా, రాత్రిళ్ళు సరదాకి జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే పాత హోమ్ కంప్యూటర్‌కి ఎమ్యులేటర్, అంటే దాన్ని ఇప్పటి కంప్యూటర్‌లో అచ్చం అలాగే నడిపించే ప్రోగ్రామ్. 1982 నాటి మెషీన్, 3.5 మెగాహెర్ట్జ్ జెడ్80 ప్రాసెసర్, 48 కేబీ మెమరీ, అంతే. కానీ అందులో కింది 16 కేబీని ప్రాసెసరూ, స్క్రీన్ గీసే యూఎల్‌ఏ చిప్పూ పంచుకోవాలి, స్క్రీన్ గీస్తున్నప్పుడు ప్రాసెసర్ ఆగి ఆగి నడుస్తుంది, ఆ లెక్క కాస్త తప్పినా స్క్రీన్ చుట్టూ ఉండే బోర్డర్ మీది రంగుల చారలు పక్కకి జరిగిపోతాయి. నాకు మజా అంతా అక్కడే.

ఇప్పుడు గ్రూపులోంచి బయటికొచ్చేస్తున్నాను. పెద్ద గొడవేం లేదు. ఉచితంగా రాసిచ్చినదానికి గ్రూపులో ఒకరు అర్ధరాత్రి ఫోన్ చేసి "ఇంకా అవ్వలేదా బ్రో" అంటుంటే ఓపిక అయిపోయింది.

కోడ్ జీపీఎల్ వెర్షన్ 2 అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద ఉంది, వేరేవాళ్ళు రాసిచ్చిన ప్యాచ్‌లూ (కోడ్ మార్పులు) ఉన్నాయి కాబట్టి లైసెన్స్ మార్చాలంటే వాళ్ళందరూ ఒప్పుకోవాలి, అది నాకు వద్దు కూడా. కోడ్ పెట్టుకున్న గిట్‌హబ్ సైట్‌లో ఆర్కైవ్ చేసి (అంటే ఇక చదవడానికి మాత్రమే ఉంచి) రీడ్‌మీలో రెండు ముక్కలు రాసి వదిలేయనా, ఇంకొకరికి ట్రాన్స్‌ఫర్ చేయనా? ట్రాన్స్‌ఫర్ చేస్తే ఇష్యూలన్నీ (బగ్ రిపోర్టులూ అవీ) దాంతోపాటే వెళ్తాయి, పాత లింకులూ పనిచేస్తాయి. చిక్కేంటంటే, తీసుకుంటానని ముందుకొచ్చింది ఆ అర్ధరాత్రి ఫోన్ల మనిషే! రేపు బగ్ వస్తే తిట్లు మళ్ళీ నాకే. ఎవరైనా ఫోర్క్ చేసుకుని (అంటే సొంత కాపీ తీసుకుని) పేరు మార్చుకోండి అంటే మర్యాదగా ఉంటుందా?

ఇంకోటి, కీబోర్డ్ మెంబ్రేన్ (కీల కింది పల్చటి షీట్) పోయిన అసలు స్పెక్ట్రమ్ కూడా ఒకటుంది. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో తుక్కు కింద ఇవ్వడానికి మనసొప్పట్లేదు. బాగుచేసుకుని వాడతామనే స్టూడెంట్స్ ఎవరైనా ఉంటే చెప్పండి, ఊరికే ఇచ్చేస్తాను.