29 అంగుళాల డబ్బా టీవీ మీ ఇంట్లో ఎక్కడ ఉండేది? చివరికి ఏమైంది?

తెనాలి వీధి
మా నాన్నగారి ఇంట్లో 29 అంగుళాల డబ్బా టీవీ ఒకటి ఇంకా పనిచేస్తోంది. 2003 క్రికెట్ ప్రపంచ కప్పుకు ముందు కొన్నది. జొహన్నెస్‌బర్గ్ ఫైనల్లో పాంటింగ్ 140 పరుగులు బాదడం దాంట్లోనే చూశాం, పాపం ఆ తప్పు టీవీది కాదు. ముందుగది గోడలో దానికోసమే కట్టించిన గూడు ఉంది, రెండడుగుల లోతు. ఇప్పుడు పలచటి టీవీ కొందామంటే ఆ గూటిని ఏమి చేయాలన్నదే ఇంట్లో వాదం. ఒకరు పుస్తకాలంటారు, ఒకరు దేవుడి పటాలంటారు, నాన్నగారు అసలు టీవీ ఎందుకు మార్చాలంటారు.

మీ ఇళ్లలో ఈ పెద్ద డబ్బాలు ఎక్కడ ఉండేవి, ఎవరు మోశారు, ఎటు పోయాయి? పక్కింటి కిటికీలోంచి ఆదివారం సీరియల్ చూసిన కథ అందరికీ ఉంది కనుక దాన్ని మాత్రం వదిలేద్దాం.

కొండపల్లి ఏనుగు
హనుమకొండలో మా ఇల్లు కట్టేటప్పుడు నాన్న మేస్త్రీకి 20 అంగుళాల టీవీ కొలత ఇచ్చారు. గృహప్రవేశం అయిన కొన్నేళ్లకు పాత టీవీ ఇచ్చి కొత్తది పట్టుకుపొమ్మనే ఎక్స్ఛేంజ్ పథకాలు జోరుగా నడిచాయి. 1990ల మధ్యలో అకాయ్ వాళ్లు ఆ పద్ధతిని దేశమంతటా మోగించారు, గుర్తుందా? నాన్న వెళ్లి పెద్దది తెచ్చారు. గూట్లో వెడల్పు ఎలాగో సరిపోయింది, లోతు చాలలేదు. వెనక భాగం గోడకు తగిలి, ముందు మొహం జానెడు బయటికి వచ్చి నిలబడింది. చివరికి గూటి వెనక గోడకు చిల్లు కొట్టించి, టీవీ వెనక భాగాన్ని పడకగదిలోకి పంపారు. కొన్నేళ్లపాటు మా పడకగది గోడకు నల్లటి ప్లాస్టిక్ మూపురం ఒకటి ఉండేది. వేసవిలో అదొక పొయ్యి. చలికాలంలో పిల్లి దాన్ని వదిలేది కాదు.

ముందుగదివైపు టీవీ నెత్తిన అమ్మ అల్లిన క్రోషా గుడ్డ, దాని మీద కొండపల్లి అంబారీ ఏనుగు, పక్కన పాలిథిన్ కవరు విప్పని రిమోట్. గాలి ఆడే రంధ్రాలు మూసుకుపోతున్నాయి, గుడ్డ తీసేయండని మెకానిక్ వచ్చినప్పుడల్లా చెప్పేవాడు. ఆయన ఉన్నంతసేపు తీసి, వెళ్లగానే పరిచేది అమ్మ. గోడ టీవీ వచ్చాక ఏనుగుకు చోటు కరవైంది. ఫ్రిజ్ మీద పెడితే తలుపు వేసినప్పుడల్లా అంచుకు జరుగుతోంది.

విసుగు మాష్టారు
మీ బెంగ నాకు అంతు పట్టడం లేదు. మొత్తం 625 అడ్డగీతలతో గీసిన బొమ్మ. సెకనుకు 50 సార్లు మినుకుమినుకుమంటూ కళ్లు లాగేది. 29 అంగుళాలది వంద వాట్లకు పైనే కరెంటు తాగేది. గాజు వంపుగా ఉండటంతో గదిలో ఎక్కడ లైటు వేసినా తెర మీద ప్రత్యక్షం. మాది పడమటి కిటికీ ఉన్న గది, సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా మా టీవీలో వచ్చిన కార్యక్రమం కిటికీయే. ఇక ఊడ్చేటప్పుడు దాన్ని జరపలేక వెనక పేరుకున్న దుమ్ము సంగతి సరేసరి. పోయింది, మంచిదైంది.

తెనాలి వీధి
మాష్టారూ, దుమ్ము దాని వెనకే కాదు, తెర మీద కూడా. ఆపేసిన వెంటనే చెయ్యి దగ్గర పెడితే చిటపటమంటూ ముంజేతి వెంట్రుకలు లేచేవి. ఇప్పటి పిల్లలకు ఆ ఆట లేదు.

పాత సోల్డరింగ్
రాజమండ్రిలో 1984 నుంచి టీవీలు బాగుచేశాను. హైదరాబాద్ ఇ.సి.ఐ.ఎల్. వారి ఇ.సి. టీవీ, డయనోరా, సాలిడేర్ వంటి నలుపు తెలుపు పెట్టెలతో మొదలుపెట్టి, సోనీ వారి ట్రినిట్రాన్ కలర్ టీవీల దాకా అన్నీ విప్పాను. మాష్టారు చెప్పినవన్నీ నిజమే. కాని అవి అంత బరువు, అంత లోతు ఎందుకు ఉండేవో ఎవరూ చెప్పలేదు.

ముందు తెర, దాని వెనక గరాటులా సన్నబడి మెడలా ముగిసే గాజు గొట్టం, రెండూ కలిసి పిక్చర్ ట్యూబు. దాని లోపల గాలి ఉండదు. బయటి గాలి చదరపు సెంటీమీటరుకు సుమారు కిలో చొప్పున గాజును నొక్కుతూ ఉంటుంది. 29 అంగుళాల తెర విస్తీర్ణం దాదాపు 2,200 చదరపు సెంటీమీటర్లు. అంటే మీరు పకోడీలు తింటూ సినిమా చూస్తున్నంతసేపూ ఆ అద్దం రెండు టన్నుల బరువును ఆపుతూ ఉండేది. అందుకే గాజు అంత మందం. తెరను బల్లపరుపుగా చేసిన మోడళ్లు వచ్చాక మందం ఇంకా పెరిగింది, వంపులో ఉన్న బలం చదునులో ఉండదు కదా. ఇక లోతంటారా, మెడలో ఉన్న ఎలక్ట్రాన్ గన్ నుంచి బయలుదేరిన ఎలక్ట్రాన్లు పక్కకు వంగి తెర మూలల దాకా చేరాలి. తెర పెరిగితే వాటికి దూరమూ పెరగాలి. అంత గొట్టాన్ని పలచగా చేసే ఉపాయం కోసం కంపెనీలు చాలా తంటాలు పడ్డాయి, కొన్ని అంగుళాలు తగ్గించగలిగాయి, అంతే.

బరువులో ఎక్కువ భాగం ముందువైపే. తెలియనివాళ్లు వెనక నుంచి కౌగిలించుకుని ఎత్తబోతారు, పెట్టె ముందుకు తూలుతుంది. తెరను ఛాతీకి ఆనించుకుని, మోకాళ్లు వంచి, ఇద్దరు ఎత్తాలి. చూడటానికి అద్దం మీదికి వస్తున్నట్టు భయంగా ఉంటుంది గాని అదే సరైన పద్ధతి.

నెత్తి మీద కొడితే బొమ్మ వచ్చేదని అందరూ నవ్వుతూ చెబుతారు. ట్యూబుకు హై వోల్టేజి ఇచ్చే ఎల్.ఓ.టి. అనే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వేడికి సోల్డరు పట్టు వదిలేది. డ్రై సోల్డర్ అంటాం. దెబ్బ పడగానే ట్రాన్స్‌ఫార్మర్ కాలు బోర్డుకు మళ్లీ తగిలి బొమ్మ వచ్చేది. ఇంటివాళ్లు అదే వైద్యమనుకుని రోజూ కొట్టేవారు, ఆ సందులో నిప్పురవ్వలు పుట్టి బోర్డు కాలాక నన్ను పిలిచేవారు. తెర మధ్యలో అడ్డంగా ఒక్క తెల్ల గీత మిగిలితే బొమ్మను పైకీ కిందికీ సాగదీసే వర్టికల్ ఐ.సి. చిప్పు పోయినట్టు. బొమ్మ వెలవెలబోతూ మొదలై అరగంటకు తేరుకుంటే ట్యూబు ముసలిదైనట్టు. అప్పుడు గన్‌ను వేడెక్కించే హీటరు వోల్టేజి కాస్త పెంచి బూస్ట్ చేసేవాళ్లం. ఏడాదో, అంతకన్నా తక్కువో నడుస్తుందని ముందే చెప్పి చేసేవాడిని. ఎక్కువమంది ఒప్పుకునేవారు, ఎందుకంటే కొత్త ట్యూబు ఖరీదు టీవీ ఖరీదులో సగం పలికేది.

వీటన్నిటికన్నా ఎక్కువగా చూసింది బల్లులను. వెచ్చదనానికి వెనక రంధ్రాల్లోంచి దూరేవి. పాతిక వేల వోల్టుల పక్కన పడుకున్న బల్లి ఏమవుతుందో చెప్పనక్కరలేదు. మూత తీయగానే రోగమేమిటో ముందు వాసన చెప్పేది, తరవాతే మీటరు.

కొండపల్లి ఏనుగు
అయ్యా, మీ దగ్గర ఒక సందేహం తీర్చుకోవాలి. స్విచ్ వేయగానే మా టీవీ లోపల "ధుమ్" అనేది. అది కూడా బల్లేనా? ఇంకొకటి, తమ్ముడు పెద్ద స్పీకరు తెచ్చి పక్కన పెట్టాక తెర మూల ఊదారంగుకు తిరిగింది. నాన్న వాడిని చాలా రోజులు క్షమించలేదు.

పాత సోల్డరింగ్
రెండింటికీ ఒకటే మూలం అమ్మా. కలర్ ట్యూబులో గాజు వెనక సన్నటి చిల్లుల రేకు ఉంటుంది. ఎరుపుకు వెళ్లే ఎలక్ట్రాన్ల పుంజం ఎరుపు చుక్కకే, నీలానికి వెళ్లేది నీలం చుక్కకే తగిలేలా చూసేది అదే. స్పీకరు అయస్కాంతం దగ్గరికి వస్తే ఆ రేకుకు అయస్కాంత గుణం అంటుకుంటుంది, పుంజాలు దారి తప్పి రంగులు మారతాయి. దాన్ని వదిలించడానికి ట్యూబు చుట్టూ రాగి తీగ చుట్ట ఒకటి ఉంటుంది. స్విచ్ వేయగానే అందులో ఒక్క క్షణం గట్టిగా కరెంటు పారి తగ్గిపోతుంది. "ధుమ్" అన్నది అదే. స్పీకరును తీసేసి, టీవీని కాసేపు చల్లారనిచ్చి మళ్లీ వేస్తే చాలాసార్లు మచ్చ దానంతటదే పోయేది. మీ తమ్ముడిది పెద్ద నేరమేమీ కాదు.

బీచ్ రోడ్డు
విశాఖలో మా పెదనాన్నగారిది ఇంకా పెద్ద సంగతి. వెనక నుంచి బొమ్మ వేసే ప్రొజెక్షన్ టీవీ, 43 అంగుళాలు, ఒక బీరువాను గదిలో నిలబెట్టినంత. లోపల ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు విడివిడిగా మూడు చిన్న గొట్టాలు, వాటి ముందు కటకాలు, వెనక పెద్ద అద్దం. మూడు బొమ్మలూ తెర మీద ఒకదానిపై ఒకటి కచ్చితంగా కూర్చోవాలి. కొద్దిగా తప్పితే వార్తలు చదివే అమ్మాయికి ఎర్రటి మీసం, నీలం గడ్డం వచ్చేవి. పెదనాన్న రిమోట్ పట్టుకుని, బొమ్మలను సరిపెట్టడానికి తెర మీద వచ్చే ప్లస్ గుర్తులను జరుపుతూ కూర్చునేవారు, మేము సినిమా మొదలయ్యేదాకా అదే చూసేవాళ్లం.

దానికి ఎదురుగా కూర్చుంటేనే వెలుగు. పక్కకు జరిగినా, లేచి నిలబడినా బొమ్మ చీకటి పడేది. కాబట్టి ఎవరు ఎక్కడ కూర్చోవాలో టీవీయే తేల్చేది. నడిమి సోఫా పెద్దవాళ్లకు, అటూ ఇటూ కుర్చీలు అల్లుళ్లకు. అల్లుళ్లకు సగం సినిమాయే కనిపించేదని పెద్దమ్మ తరవాత చెప్పింది. ఎవరూ బయటపడలేదు.

డల్లాస్ గడప
మాష్టారు గారి మాటకు చిన్న అడ్డు. ఇక్కడ అమెరికాలో వీటిని చాలాకాలం రోడ్డు పక్కన ఉచితంగా వదిలేసేవారు. ఇప్పుడు పాత వీడియో గేములు ఆడేవాళ్లు వెతికి మరీ తెచ్చుకుంటున్నారు. నేనూ ఒక సోనీ ట్రినిట్రాన్‌ను గరాజ్‌లో పెట్టుకున్నాను. తెల్లటి తెర వచ్చినప్పుడు అడ్డంగా రెండు సన్నటి నీడ గీతలు కనిపిస్తాయి. పాడైందేమో అనుకుంటారు చూసినవాళ్లు. చిల్లుల రేకుకు బదులు ఇందులో ఉండే నిలువు తీగలు అదరకుండా పట్టి ఉంచే తీగల నీడ అది, అసలు ట్రినిట్రాన్‌కు అదే గుర్తు.

గుంటూరులో చిన్నప్పుడు క్యాసెట్ పెట్టి ప్లాస్టిక్ తుపాకితో బాతులను కాల్చే ఆట ఉండేది కదా. పలచటి టీవీకి తగిలించి చూడండి, ఒక్క బాతూ పడదు. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల చతురస్రం మెరుస్తుంది. తుపాకి గొట్టంలోని కన్ను ఆ వెలుగును సరిగ్గా ఆ క్షణంలోనే పట్టుకోవాలి. డబ్బా టీవీ వచ్చిన సిగ్నలును వచ్చినట్టే గీసేస్తుంది. కొత్త టీవీ లోపల లెక్కలు వేసుకుని ఆలస్యంగా చూపిస్తుంది. మాష్టారు అన్న 625 గీతల యంత్రం ఆ ఒక్క పనిలో ఇప్పటికీ ముందే ఉంది.

బరువు మాట వచ్చింది కనుక ఇదీ వినండి. సోనీ 1989లో జపాన్‌లో 43 అంగుళాల గొట్టం టీవీ అమ్మింది. ధర 26 లక్షల యెన్‌లు, బరువు సుమారు 200 కిలోలు. ఒక్కటైనా మిగిలిందా అని పాత టీవీల అభిమానులు ఏళ్ల తరబడి వెతికారు. చివరికి ఒసాకాలో కూల్చబోతున్న ఒక నూడుల్స్ హోటలు మేడ మీద దొరికింది. మెట్ల మీదుగా దించి అమెరికాకు తెచ్చారు. ఆ కథంతా 2024 డిసెంబరులో వీడియోగా వచ్చింది.

విసుగు మాష్టారు
200 కిలోల టీవీని మేడ మెట్ల మీదుగా దించినవారి నడుముల గురించి ఆ వీడియోలో ఏమైనా చెప్పారా?

హోసూరు తెలుగు
మాది తమిళనాడు. 2006 ఎన్నికల తరవాత ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన 14 అంగుళాల కలర్ టీవీ మా వీధిలో ఇంటింటికీ వచ్చింది. పెద్ద తెర కాదు, ఈ చర్చకు పనికిరాదేమో. కాని మా ఇంట్లో అదే వంటగదికి చేరిన మొదటి టీవీ. ముందుగదిలో తమిళం, వంటగదిలో తెలుగు. భాష గొడవ ఆ రోజుతో తీరిపోయింది.

కొండపల్లి ఏనుగు
పనికొస్తుంది, పనికొస్తుంది. మా ఇంట్లో ఒకే టీవీ ఉండబట్టే నాన్న వార్తలు, అమ్మ సీరియళ్లు, మా క్రికెట్ అన్నీ అందరమూ చూశాం. ఇష్టపడి కాదు, గదిలో ఇంకొకటి పెట్టే చోటు లేక. మా నాన్నకు ఇప్పటికీ పాత సీరియళ్లలో ఎవరు ఎవరి సవతి కూతురో తెలుసు.

విసుగు మాష్టారు
మా డబ్బాను పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. గుమ్మం దిగగానే వెనక మూత ఊడదీసి, సుత్తితో మెడ విరిచి, రాగి చుట్ట తీసుకుని, గాజు మా కాలువ గట్టున పడేసి పోయాడు. దానికి నాకు కోపం వచ్చిన మాట వాస్తవం.

పాత సోల్డరింగ్
అలా ఎవరూ ఇవ్వకండి. వెనక గరాటు గాజులో ఎక్స్ కిరణాలను ఆపడానికి సీసం కలుపుతారు. పగలగొట్టి నేల మీద పడేస్తే అది నీళ్లలోకి దిగుతుంది. పైగా గాలి లేని గొట్టాన్ని మెడ దగ్గర కాకుండా ముందు తెర మీద కొట్టి ఉంటే ఆ ముక్కలు మనుషుల మీదికి లేచేవి. ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే అధీకృత కేంద్రానికి చెబితే పెట్టె మొత్తంగా పట్టుకుపోతారు. డబ్బులు పెద్దగా రావు.

తెనాలి వీధి
మా టీవీ వానాకాలంలో వేయగానే వెనక "స్‌స్" మంటూ బుస కొడుతుంది. చీకట్లో చూస్తే నీలం మెరుపులు కూడా. పది నిమిషాలకు ఆగిపోతుంది. నాన్నగారు దానికి అలవాటుపడిపోయారు. ప్రమాదమా?

పాత సోల్డరింగ్
ట్యూబు పక్కన గట్టి వైరు దిగేచోట రబ్బరు టోపీ ఉంటుంది. దాని చుట్టూ చేరిన దుమ్ము చెమ్మ పట్టి, హై వోల్టేజి దాని మీదుగా పాకుతోంది. వదిలేస్తే ఎల్.ఓ.టి. పోతుంది, ఇప్పుడు అది దొరకడం కష్టం. మూత మీరు తీయకండి, ప్లగ్గు పీకినా ట్యూబులో చార్జి నిలిచే ఉంటుంది, ముందు దాన్ని భూమికి దించాలి. పాత మెకానిక్ ఎవరైనా దొరికితే టోపీ ఎత్తి, స్పిరిట్‌తో తుడిచి, బాగా ఆరనిచ్చి బిగించమనండి. రబ్బరు పగిలి ఉంటే మార్చాలి. తెనాలిలో దొరక్కపోతే చెప్పండి, విప్పిన టీవీల్లోంచి తీసి ఉంచినవి నా దగ్గర ఒక డబ్బాడు ఉన్నాయి.