రీపర్‌లో ఫోల్డర్ ఫేడర్ దించినా రివర్బ్ తగ్గట్లేదు. వేరే కంప్యూటర్‌లో సగం ట్రాకులు ఖాళీ

డప్పు దరువు (ప్రశ్న)

రీపర్ 7 (పాటలు రికార్డు, మిక్స్ చేసే సాఫ్ట్‌వేర్)లో ఒక జానపద పాట మిక్స్ చేస్తున్నాను. 64 ట్రాకులు, 5 నిమిషాల పాట, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. డప్పులు, డోలు, డోలక్, కంజీర, లీడ్ గొంతులు రెండు, కోరస్, ఫ్లూట్, మిగతావి కీబోర్డు ప్యాడ్లు. గందరగోళంగా ఉందని తాళవాద్యాలన్నిటినీ ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఆ ఫోల్డర్ మీద కంప్రెసర్ (పెద్ద శబ్దాల్ని నొక్కి లెవెల్ సర్దే ప్లగిన్) వేశాను. డప్పుకి ఎక్కువ, డోలక్‌కి తక్కువ చొప్పున విడిగా కింద ఉన్న రివర్బ్ (గది ప్రతిధ్వని) ట్రాక్‌కి సెండ్లు (ట్రాక్ ధ్వని కాపీని వేరే ట్రాక్‌కి పంపేవి) ఉన్నాయి. చరణంలో గొంతు పైకి రావాలని ఫోల్డర్ ఫేడర్ దించితే వాద్యాలు తగ్గుతున్నాయి, రివర్బ్ మాత్రం అలాగే ఉంటోంది. డప్పులు ఖాళీ కల్యాణమండపంలో వాయించినట్టు దూరంగా వినిపిస్తున్నాయి.

ఇంకో తలనొప్పి. ప్రాజెక్టు ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి మిక్స్ ఇంజినీర్ గారికి ఇస్తే సగం ట్రాకులు ఖాళీగా తెరుచుకున్నాయి. ఇప్పుడాయన స్టెమ్స్ (ట్రాకుల్ని గుంపులుగానో విడివిడిగానో ఆడియో ఫైళ్లుగా తీసినవి) పంపమంటున్నారు. ఎలా సర్దుకోవాలో కాస్త చెప్పండి.

ఫేడర్ పైకి

ముందు రివర్బ్ సంగతి. రీపర్‌లో ఫోల్డర్ అంటే అరలాంటిది మాత్రమే కాదు, అది బస్సు కూడా. లోపలి ట్రాకుల ధ్వని అంతా కలిసి ఫోల్డర్ ట్రాక్ గుండా వెళ్తుంది. అయితే మీ సెండ్లు లోపలి ట్రాకుల నుంచి మొదలవుతున్నాయి. డప్పు ట్రాక్ సెండ్ పోస్ట్-ఫేడర్ (ఫేడర్ దాటాక ఉన్న లెవెల్‌ని పంపేది) అయినా, అది చూసేది డప్పు ఫేడర్‌ని మాత్రమే. ఫోల్డర్ ఫేడర్ దాని తర్వాత వస్తుంది కాబట్టి రివర్బ్‌కి ఆ కదలిక తెలియదు. పొడి ధ్వని (రివర్బ్ కలవని అసలు ధ్వని) తగ్గింది, రివర్బ్ తగ్గలేదు, అందుకే దూరం.

తేలిక మార్గం వీసీఏ, అంటే ఒక ఫేడర్‌తో చాలా ఫేడర్లని కదిపే ఏర్పాటు. తాళం ట్రాకులన్నీ ఎంచుకుని షిఫ్ట్+జి నొక్కితే గ్రూపింగ్ కిటికీ వస్తుంది. కొత్తగా ఒక ఖాళీ ట్రాక్ చేసి దానికి వీసీఏ లీడ్, వాద్యాలకి వీసీఏ ఫాలో టిక్ పెట్టండి. ఆ ఖాళీ ట్రాక్ ఫేడర్ దించితే లోపలి ఫేడర్లన్నీ దిగినట్టే. పోస్ట్-ఫేడర్ సెండ్లు కూడా వాటితోపాటే దిగుతాయి.

సన్నాయి సంగతులు

ఫేడర్ పైకి గారూ, కారణం మీరు చెప్పిందే. మందు మాత్రం ఈ పాటకి పడదు. ఫోల్డర్ మీద కంప్రెసర్ ఉందన్నారు కదా. వీసీఏతో లోపలి ట్రాకులు దిగితే కంప్రెసర్‌లోకి వెళ్లే లెవెల్ తగ్గుతుంది. పల్లవిలో 4 డీబీ నొక్కుతున్నది చరణంలో అసలు కదలకపోవచ్చు. డప్పు దెబ్బ స్వభావమే మారిపోతుంది. ఫోల్డర్ ఫేడర్ అయితే ప్లగిన్ల తర్వాత పనిచేస్తుంది, కంప్రెసర్ జోలికి పోదు. చరణంలో లెవెల్ మారాలి, రంగు మారకూడదు అనుకుంటే ఫోల్డర్ ఫేడరే సరైనది. మార్చాల్సింది రివర్బ్ ఉన్న చోటు.

నేనైతే ఇలా కడతాను. పైన ఒక ఫోల్డర్, పేరు "తాళం మొత్తం", దాని మీద ఏ ప్లగినూ ఉండదు. దాని లోపల "తాళం" అనే ఇంకో ఫోల్డర్, కంప్రెసర్ దాని మీద. డప్పు, డోలు, డోలక్, కంజీర అందులో ఉంటాయి. ఆ లోపలి ఫోల్డర్ పక్కనే, "తాళం మొత్తం"లోనే, రివర్బ్ ట్రాక్. సెండ్లు ఇప్పుడున్నట్టే విడివిడిగా వాద్యాల నుంచే వెళ్తాయి కాబట్టి డప్పుకి ఎక్కువ, డోలక్‌కి తక్కువ అన్న లెక్క చెడదు. చరణంలో "తాళం మొత్తం" ఫేడర్ దించండి, పొడి ధ్వని, రివర్బ్ రెండూ కలిసి దిగుతాయి, కంప్రెసర్ మునుపటిలాగే పనిచేస్తుంది.

రెండు జాగ్రత్తలు. రివర్బ్‌ని లోపలి ఫోల్డర్‌లో పెడితే కంప్రెసర్ దాని తోకని (దెబ్బ తర్వాత మిగిలే ప్రతిధ్వనిని) కూడా నొక్కి, దెబ్బ దెబ్బకీ ఊపిరి పీల్చినట్టు చేస్తుంది. కొందరికి కావాల్సిందే అది, కానీ తెలిసి చేయండి. రెండోది, "తాళం మొత్తం" నుంచి రివర్బ్‌కి సెండ్ పెట్టకండి. రివర్బ్ దానిలోనే ఉంది కాబట్టి ధ్వని చుట్టూ తిరుగుతుంది. ప్రాజెక్టు సెట్టింగుల్లో ఫీడ్‌బ్యాక్‌ని మీరే అనుమతిస్తే తప్ప రీపర్ ఆ సెండ్‌ని ఒప్పుకోదు, అది మంచికే.

ఇదే రివర్బ్‌కి గొంతులు కూడా వెళ్తున్నాయా? అయితే ట్రాక్‌ని డూప్లికేట్ చేసి గొంతులకి ఒకటి, తాళానికి ఒకటి ఉంచండి.

డప్పు దరువు

గొంతులు కూడా అదే రివర్బ్‌కి వెళ్తున్నాయండీ, విడదీస్తాను. ఫోల్డర్ చేయడంలోనే ఒక చిక్కొచ్చింది. ట్రాక్ మీద ఉన్న ఫోల్డర్ గుర్తు నొక్కితే కింద ఉన్న కోరస్ కూడా లోపలికి పోయింది.

సన్నాయి సంగతులు

ఆ గుర్తు నొక్కినప్పుడు ఫోల్డర్ ఎక్కడ ముగుస్తుందో కూడా మీరే చెప్పాలి. లోపల ఉండాల్సిన వాటిలో చివరి ట్రాక్ దగ్గర అదే గుర్తు నొక్కి, ఇక్కడితో ఫోల్డర్ అయిపోయిందని పెట్టాలి. దీనికంటే సుఖమైన దారి: కావాల్సిన ట్రాకులు ఎంచుకుని, రైట్ క్లిక్ చేసి, కొత్త ఫోల్డర్‌లోకి జరిపే ఆదేశం వాడండి. ఆ తర్వాత ఎడమవైపు పేర్లు ఎంత లోపలికి జరిగాయో ఒక్కసారి చూసుకోండి. కోరస్ పొరపాటున తాళం కంప్రెసర్ గుండా పోతుంటే చెవికి వెంటనే పట్టదు, "ఏదో తేడాగా ఉంది" అనిపిస్తుందంతే.

క్యూబేస్ లాంటి వేరే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ల నుంచి వచ్చినవాళ్లు ఇక్కడే తడబడతారు. క్యూబేస్‌లో ఫోల్డర్ ట్రాక్ చూపుకి సర్దుకోవడానికే, ధ్వని కలపాలంటే గ్రూప్ చానల్ వేరే. లాజిక్‌లో సమ్మింగ్ స్టాక్, ఫోల్డర్ స్టాక్ అని రెండు రకాలు. ప్రో టూల్స్‌లో 2020.3 నుంచి బేసిక్ ఫోల్డర్, రౌటింగ్ ఫోల్డర్ అని రెండున్నాయి. రీపర్‌లో ఫోల్డర్ ఉత్త సర్దుడు కోసమే కావాలంటే, లోపలి ట్రాకుల మాస్టర్/పేరెంట్ సెండ్ టిక్ తీసేసి, వాటిని వేరే బస్సుకి పంపాలి. ఆ టిక్ తీసి బస్సు మరిచిపోతే మీటర్ ఆడుతుంది, ధ్వని రాదు.

టేపు చుట్ట

ఖాళీ ట్రాకుల గురించి నేను చెప్తాను. ఫ్లూట్ టేకులు, కోరస్ బయటి నుంచి వచ్చాయా? డౌన్‌లోడ్స్ నుంచి నేరుగా టైమ్‌లైన్ మీదకి లాగారా?

డప్పు దరువు

అవునన్నా. ఫ్లూట్ ఆయన వాట్సాప్‌లో పంపారు, కోరస్ డ్రైవ్ లింకు.

టేపు చుట్ట

అయితే అదే. టైమ్‌లైన్ మీదకి లాగినంత మాత్రాన ఫైలు ప్రాజెక్టులోకి రాదు తమ్ముడూ. ప్రాజెక్టు ఫైలు దాని చిరునామా మాత్రమే రాసుకుంటుంది. ప్రాజెక్టు ఫోల్డర్ లోపలి ఫైళ్లయితే ఫోల్డర్‌ని ఎక్కడికి మోసినా దొరుకుతాయి. బయటివైతే మీ కంప్యూటర్‌లోని డౌన్‌లోడ్స్ దారి పూర్తిగా ఉంటుంది, ఆ దారి ఇంకో కంప్యూటర్‌లో ఉండదు కదా.

ప్రాజెక్టుని "సేవ్ యాజ్" చేయండి. ఆ కిటికీ కింది భాగంలో ప్రాజెక్టుకి విడిగా సబ్‌డైరెక్టరీ చేయమనే టిక్, మీడియా అంతా ప్రాజెక్టు డైరెక్టరీలోకి కాపీ చేయమనే టిక్ ఉంటాయి. రెండూ పెట్టండి. "మూవ్" అన్నది పెట్టకండి, అది అసలు చోటు నుంచి తీసేస్తుంది, అదే ఫైలు వాడుతున్న ఇంకో ప్రాజెక్టు ఖాళీ అవుతుంది. తర్వాత వ్యూ మెనూలో ప్రాజెక్టు బే (ప్రాజెక్టు వాడే ఫైళ్ల జాబితా) తెరిచి ఫైళ్ల దారులు చూడండి. ఒక్కటి కూడా బయట ఉండకూడదు.

పెన్‌డ్రైవ్ లెక్క కూడా చూసుకోండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ మోనో నిమిషానికి 8.64 ఎంబీ. 5 నిమిషాల చొప్పున 64 ట్రాకులంటే సుమారు 2.76 జీబీ, స్టీరియో ఉన్నచోట రెట్టింపు, పక్కన పెట్టిన టేకులు అదనం.

ప్యాడ్ల విషయం వేరు. సాంప్లర్ ప్లగిన్ వాడే శాంపిల్ లైబ్రరీ ఈ కాపీలో రాదు. మిడి ట్రాకుల్ని (ధ్వని కాక స్వరాల సూచనలు మాత్రమే ఉండేవి) స్టీరియోగా ఫ్రీజ్ చేసి, అంటే ఆడియోగా మార్చి, ఆ తర్వాత సేవ్ చేయండి.

ఫ్లూట్ వాట్సాప్‌లో వాయిస్ నోట్‌గా వచ్చి ఉంటే అది ఓపస్‌లో కుదించినది. వేవ్ ఫైలుని డాక్యుమెంట్‌గా మళ్లీ పంపమనండి.

ఫేడర్ పైకి

స్టెమ్స్ మొదలుపెట్టే ముందు ఇంజినీర్ గారిని ఒక మాట అడగండి: ఆయనకి కావాల్సింది గుంపులా, విడి ట్రాకులా? ఇక్కడ చాలామంది రెండిటినీ స్టెమ్స్ అనే అంటారు. ఆయన మొదటి నుంచి మిక్స్ చేస్తే విడి ట్రాకులు కావాలి. వాటికైతే ప్రాజెక్టు ఇంకో పేరుతో సేవ్ చేసి, అందులో ప్లగిన్లు, ఆటోమేషన్ బైపాస్, ఫేడర్లు 0 డీబీ, ప్యాన్ మధ్యకి పెట్టి రెండర్ చేయండి (ఆడియో ఫైళ్లుగా తీయండి). లేకపోతే మీ ఫేడర్, ప్యాన్, ఆటోమేషన్ అన్నీ ఫైల్లో శాశ్వతంగా అచ్చయిపోతాయి.

రెండర్ కిటికీ తెరవడానికి కంట్రోల్+ఆల్ట్+ఆర్. సోర్స్ దగ్గర స్టెమ్స్, ఎంచుకున్న ట్రాకులు. బౌండ్స్ దగ్గర మొత్తం ప్రాజెక్టు, అప్పుడు అన్నీ సున్నా నుంచే మొదలవుతాయి, ఆయన ఒకే గీత మీద పెట్టుకుంటే చాలు. మోనో మీడియా మాత్రమే ఉన్న ట్రాకుల్ని మోనో ఫైళ్లుగా ఇచ్చే టిక్ పెట్టండి. పేరు పెట్టెలో $ట్రాక్‌నంబర్, $ట్రాక్ వైల్డ్‌కార్డులు పెట్టండి, వాటి చోట రీపరే ట్రాక్ నంబరు, పేరు నింపుతుంది (అక్కడ ఇంగ్లిష్ అక్షరాల్లో రాయాలి). ట్రాక్ పేర్లు కూడా ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంచండి, కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు తెలుగు లిపి ఫైలు పేర్లని చెడగొడతాయి.

డప్పు దరువు

గుంపులే కావాలన్నారు. రెండర్ చేసి కొత్త ప్రాజెక్టులో కలిపి విన్నాను. రివర్బ్ ఇప్పుడు చక్కగా దిగుతోంది, కానీ తాళం విపరీతంగా పెద్దగా ఉంది, డప్పులు మొత్తం పాటని మింగేస్తున్నాయి.

సన్నాయి సంగతులు

కంట్రోల్+ఏ కొట్టి అన్నీ ఎంచుకున్నారు కదూ? ఫోల్డర్ స్టెమ్‌లో లోపలి ట్రాకులు ఇప్పటికే కలిసి ఉన్నాయి. వాటిని విడిగా కూడా ఇస్తే ఒకే ధ్వని రెండుసార్లు కలుస్తుంది, ఒకేలాంటి ధ్వనులు కలిస్తే 6 డీబీ పెరుగుతుంది. మీ దగ్గర "తాళం మొత్తం", దాని లోపల "తాళం", దాని లోపల డప్పు, అంటే మూడు వరసలు. పై వరస ఫోల్డర్లు మాత్రమే ఎంచుకోండి. ఇంకోటి, విడి డప్పు స్టెమ్‌లో ఫోల్డర్ కంప్రెసర్ ఉండదు, సెండ్ రివర్బ్ కూడా ఉండదు. "తాళం మొత్తం"లో రెండూ ఉంటాయి. గొంతుల రివర్బ్‌ని కూడా గొంతుల ఫోల్డర్‌లోకి తెచ్చారా? తేకపోతే దాన్నీ విడిగా ఎంచుకోవాలి.

సరిచూడటానికి: మాస్టర్ మీది ప్లగిన్లు ఆపి మిక్స్ ఒకటి రెండర్ చేయండి. కొత్త ప్రాజెక్టులో స్టెమ్స్ అన్నీ 0 డీబీ దగ్గర, వాటి పక్కన ఆ మిక్స్ ఫేజ్ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) పెట్టండి, ఒకేలా ఉన్న ధ్వనులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. నిశ్శబ్దమైతే అంతా సరిగ్గా ఉన్నట్టు. మాడ్యులేషన్ (ధ్వని ఎప్పటికప్పుడు కొద్దిగా మారడం) ఉన్న రివర్బ్ ఉంటే సన్నగా తోక మిగలొచ్చు, డప్పు దెబ్బ మాత్రం వినబడకూడదు.

డప్పు దరువు

మీరన్నట్టే అన్నీ ఎంచుకున్నాను. పై వరస మాత్రమే ఎంచుకుంటే సరిపోయింది, తోక తప్ప ఏమీ మిగల్లేదు. అందరికీ ధన్యవాదాలు. పనికిరాని టేకులు చాలా ఉన్నాయి, క్లీన్ ప్రాజెక్ట్ డైరెక్టరీ వాడి తీసేయొచ్చా?

టేపు చుట్ట

అదే ఫోల్డర్‌లో ఈ పాట పాత వెర్షన్ల ప్రాజెక్టు ఫైళ్లు ఉంటే వద్దు. అది ఇప్పుడు తెరిచి ఉన్న ప్రాజెక్టు వాడని ఫైళ్లన్నిటినీ అనవసరమని చూపిస్తుంది, పాత వెర్షన్ వాడేవి కూడా అందులో ఉంటాయి. ముందు "సేవ్ యాజ్"తో కాపీ చేసుకున్న కొత్త ఫోల్డర్‌లో, ఒక్క ప్రాజెక్టు ఫైలే ఉన్నచోట వాడండి. రీసైకిల్ బిన్‌కి పంపమనే టిక్ మాత్రం తీయకండి.