చర్చ: అరబ్, ముస్లిం జీవితాన్ని లోపలి నుంచి చూపే సినిమాలు చెప్పండి

సిరి_నల్గొండ
నిన్న ‘వజ్దా’ (2012) చూశాను. రియాద్‌లో ఒక చిన్న పిల్ల పచ్చ సైకిల్ కొనుక్కోవడానికి స్కూల్లో ఖురాన్ పఠనం పోటీకి పేరిస్తుంది. రాత్రంతా అదే ధ్యాస. ఇలా వాళ్ల ఇళ్లలోని బతుకును చూపించేవి ఇంకేమున్నాయి? బాంబులు, తుపాకులు వద్దు. అమ్మతో కలిసి చూడాలి, ఆమెకు ఇంగ్లీషు రాదు. తెలుగు సబ్‌టైటిల్స్ ఎక్కడైనా దొరుకుతాయా?

మూర్తి_ఫిల్మ్‌సొసైటీ
పదిహేనేళ్లు ఫిల్మ్ సొసైటీ నడిపినవాడిగా చెబుతున్నా, మొదలుపెట్టాల్సింది వజ్దాతో కాదు, కైరోతో. యూసుఫ్ షాహీన్ 1958లో తీసిన ‘కైరో స్టేషన్’ చూడండి. రైల్వే స్టేషన్‌లో పేపర్లు అమ్ముకునేవాడి పాత్ర ఆయనే వేశాడు. తర్వాత ముస్తఫా అక్కాద్ ‘ది మెసేజ్’ (1976). ప్రవక్త ముఖం కాదు కదా, గొంతు కూడా వినిపించదు. మిగతావాళ్లు కెమెరా వైపు చూసి ఆయనతో మాట్లాడతారు. ఇంగ్లీషులో ఆంథొనీ క్విన్‌తో, అరబీలో అబ్దుల్లా గైస్‌తో విడివిడిగా తీశారు. డబ్బింగ్ కాదు. ఇవి చూడకుండా అరబ్ సినిమా గురించి మాట్లాడటం దండగ.

జగిత్యాల_డ్రైవర్
రియాద్‌లో పదకొండేళ్లు హౌస్ డ్రైవర్‌గా చేశాను. వజ్దా అందరికీ నచ్చింది, మంచిదే. అందులో ఇక్బాల్ అనే డ్రైవర్ ఎవరికైనా గుర్తున్నాడా? వజ్దా తల్లిని పనికి తీసుకెళ్లేవాడు. ఎప్పుడూ చిరాకు, అరుపులు. ఒక చిన్న పిల్లాడు అతని దగ్గరికి పోయి దేశం నుంచి పంపించేయిస్తానని బెదిరిస్తాడు. మా ఇంట్లో అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. నా పాస్‌పోర్టు కఫీల్ (నన్ను పనిలో పెట్టుకున్న యజమాని) బీరువాలో ఉండేది. వాళ్ల చిన్నబ్బాయికి కోపమొస్తే నాతో అదే మాట అనేవాడు.

చదువరి_విజయవాడ
అన్నా, మీ బాధ కాదనను. కానీ ఆ తల్లి వైపు నుంచి కూడా చూడండి. అక్కడ ఆడవాళ్లకు 2018 జూన్ దాకా బండి నడిపే అనుమతే లేదు. డ్రైవర్ రానంటే ఆమె ఉద్యోగం ఏం కావాలి? దర్శకురాలు హైఫా అల్ మన్సూర్ కూడా వీధిలో మగవాళ్ల మధ్య నిలబడి పని చేసే వీలు లేక, వ్యాన్‌లో కూర్చుని వాకీటాకీలో సూచనలిచ్చింది. ఇది ఆడవాళ్ల కథ.

జగిత్యాల_డ్రైవర్
ఆ వ్యాన్ నడిపింది ఎవరు మేడమ్? ఆడవాళ్లు నడపకూడదు కదా. మాలాంటివాడే ఎవడో అయి ఉంటాడు.

చదువరి_విజయవాడ
తెలియని మనిషిని ఊహించుకుని వాదిస్తే నేనేం చెప్పను? ఆడవాళ్ల కథ చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చి ‘మరి మా సంగతి’ అంటారు.

జగిత్యాల_డ్రైవర్
మా సంగతి ఎవరైనా అడిగారా ఇప్పటిదాకా? అందుకే అంటున్నా.

కిరణ్88
గొడవెందుకండీ. ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’ చూడండి. అన్నాచెల్లెళ్లు ఒకే జత బూట్లు మార్చుకుంటూ బడికి పరిగెత్తుతారు. అరబ్ సినిమాల్లో దాన్ని మించింది లేదు.

మూర్తి_ఫిల్మ్‌సొసైటీ
అది ఇరాన్ సినిమా! మజీద్ మజీదీ, 1997. వాళ్లు మాట్లాడేది ఫార్సీ. ఇరానీలను అరబ్బులంటే వాళ్లు ఒప్పుకోరు.

కిరణ్88
ఈ చర్చ టైటిల్‌లో ‘ముస్లిం’ అని కూడా ఉంది, చదవండి సార్.

బార్కస్_అమ్మాయి
నేను బార్కస్‌లో పుట్టాను. మా పెద్దలు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చారు. బ్యారక్స్ అన్న మాటే బార్కస్ అయింది. హైదరాబాద్‌లో ఇన్ని తరాలుగా ఉన్నాం, మా మీద సినిమా ఏది? అందరూ ‘బజార్’ (1982) పేరు చెబుతారు. గల్ఫ్‌లో సంపాదించి వచ్చినవాడికి పేదింటి పిల్లను పెళ్లి పేరుతో అమ్మడం. ఆ పాపం జరిగింది, మా అమ్మమ్మ ఆ సినిమా చూసి ఏడ్చింది. కానీ నలభై ఏళ్ల తర్వాత కూడా కాలేజీలో నన్ను ‘మీ ఇళ్లలో షేక్‌లకు ఇచ్చేస్తారా’ అని అడిగారు. పొద్దున్నే గోధుమలు, మాంసం కలిపి వండే హరీస్ కోసం గిన్నె పట్టుకుని నిలబడే పిల్లలు, పెళ్లిలో మర్ఫా డప్పులు మోగితే కుర్చీ వదిలి లేచే తాతలు ఎవరి సినిమాలోనూ లేరు.

కడప_టు_ఖతర్
మలయాళీలు గల్ఫ్ బతుకుల మీద ‘పత్తేమారి’ (2015), ‘ఆడుజీవితం’ (2024) తీశారు. మనవాళ్లకు ఏమైంది? కడప, కరీంనగర్ నుంచి పోయినవాళ్లు తక్కువా?

కిరణ్88
2017లో ‘గల్ఫ్’ అని సునీల్ కుమార్ రెడ్డి తీశారు. మనమే చూడలేదు. అక్కా, ఆ హరీస్ ఎన్ని గంటలకు దొరుకుతుంది?

బార్కస్_అమ్మాయి
పొద్దున్నే రండి. ఎండెక్కాక వస్తే అయిపోతుంది.

సిరి_నల్గొండ
సబ్‌టైటిల్స్ సంగతి ఒక్కరూ చెప్పలేదు.

నిద్రలేని_నర్సు
మాటలు తక్కువున్నది కావాలంటే ‘థీబ్’ (2014). జోర్డాన్‌లో వాదీ రమ్ ఎడారి, అన్న వెంట వెళ్లిన బెదూయిన్ (ఎడారి సంచార తెగ) పిల్లాడి కథ. నటించినవాళ్లలో చాలామంది అక్కడి బెదూయిన్లే. కాకపోతే తుపాకులున్నాయి.

సిరి_నల్గొండ
తుపాకులుంటే అమ్మ లేచి వెళ్లిపోతుంది. అందుకే ఇవాళ ఆమెను కూర్చోబెట్టి వజ్దానే మళ్లీ వేశాను, నేను పక్కన తెలుగులో చెబుతూ. సైకిల్ దగ్గర కళ్లు తుడుచుకుంది. అయిపోయాక మొదట అడిగింది మాత్రం, ‘ఆ డ్రైవర్ది ఏ ఊరే?’ అని.

జగిత్యాల_డ్రైవర్
అమ్మకు నమస్తే చెప్పండి. మా గదిలో నలుగురం ఉండేవాళ్లం. ఇద్దరిది కేరళ, ఒకతనిది బంగ్లాదేశ్‌లోని సిల్హెట్, నాది జగిత్యాల పక్కన పల్లె.