బ్లూగిల్ ఎర చప్పరించి పోతోంది, ఏ స్ప్రింగ్ బాబర్ పెట్టాలి?

ప్లిమత్ కుర్రాడు (మిన్నెసోటా)
అందరికీ నమస్కారం. గడ్డకట్టిన మెడిసిన్ లేక్ మీద టెంట్‌లో కూర్చుని, మంచులో గుంత చేసి, బ్లూగిల్ అనే చిన్న చేపకి గాలం వేస్తున్నాను. 28 అంగుళాల అల్ట్రాలైట్ రాడ్, 3 పౌండ్ల లైను, 4 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ జిగ్ (బరువు పోసిన చిన్న గాలపు కొక్కెం), దానికి ఒక వ్యాక్స్‌వార్మ్ పురుగు. చేప కింద నుంచి రావడం, జిగ్ దగ్గరికొచ్చి ఆగడం ఫ్లాషర్‌లో (నీళ్ళ కింద చేపను చూపే సోనార్) చక్కగా కనిపిస్తుంది. రాడ్ కొసలో మాత్రం చలనం ఉండదు. పైకి లాగితే పురుగు తోలు మిగులుతుంది. రాడ్ కొసకు తగిలించి కాటు కనిపెట్టే స్ప్రింగ్ బాబర్ పెట్టాలని నిర్ణయించుకున్నాను. చుట్ట స్ప్రింగా, పట్టీ స్ప్రింగా? ప్లాస్టిక్‌దా, లోహానిదా? రాడ్‌తో పాటే వచ్చేదా, విడిగా తగిలించుకునేదా? క్రాపీ చేపకి కూడా అదే సరిపోతుందా? బయట కూర్చుంటే కొస రింగు గడ్డకట్టదా?

వాకోనియా బాబాయ్
తమ్ముడూ, బ్లూగిల్ కొరకదు, పీలుస్తుంది. నీళ్ళతో పాటు ఎరను లోపలికి లాక్కుంటుంది, నచ్చకపోతే అంతే వేగంగా ఉమ్మేస్తుంది. పీల్చాక చాలాసార్లు చేప కాస్త పైకి లేస్తుంది. జిగ్ బరువు దాని నోట్లో ఉంటుంది కాబట్టి లైను వదులైపోతుంది. రాడ్ కొస కిందికి వంగాలని కాచుకుని కూర్చుంటే ఆ చేప నీకు జన్మలో దొరకదు. స్ప్రింగ్ పెట్టేది ఇందుకే. జిగ్ బరువుకి కొంచెం వాలి ఉన్న పట్టీ ఉన్నట్టుండి నిటారుగా లేస్తుంది. అది లేచిన మరుక్షణం మణికట్టుతో ఎత్తు, చెయ్యంతా ఊపకు. వీటి మూతులు పల్చన, గట్టిగా లాగితే చిరుగుతాయి.

పట్టీదే కొనుక్కో. ముందుకీ వెనక్కీ జరిగేది చూసుకో. జిగ్ వేలాడదీసినప్పుడు కొస 30 డిగ్రీలు వాలాలి. అస్సలు వాలకపోతే పైకి లేచే కాటు కనిపించదు, పూర్తిగా వేలాడిపోతే కిందికి లాగే కాటు కనిపించదు.

హౌటన్ లేక్ శీను (మిచిగన్)
చుట్ట స్ప్రింగ్ జోలికి వెళ్ళొద్దు. నాకు టెంట్ లేదు, బకెట్ మీద కూర్చుంటాను. లైను చుట్టిన ప్రతిసారీ నీటి బొట్లు చుట్టల మధ్య చేరతాయి. 10 డిగ్రీల ఫారన్‌హీట్‌లో చూస్తుండగానే తెల్లగా పేరుకుంటాయి. ఇక అది పుల్ల, స్ప్రింగ్ కాదు. వేళ్ళతో నలిపితే చుట్టలు సాగిపోయి మళ్ళీ దగ్గరపడవు. నోట్లో పెట్టుకుని కరిగించేవాళ్ళున్నారు, లోహానికి పెదవి అతుక్కుంటుంది, ఆ పని చెయ్యకండి. కొసను గుంతలో నీళ్ళలో ముంచి కాసేపు ఉంచితే మంచు వదులుతుంది. పట్టీ అయితే వేలితో ఒక్కసారి తుడిస్తే చాలు.

లోహాల మాస్టారు (విస్కాన్సిన్)
పట్టీ అనగానే సరిపోదు. దేనితో చేశారన్నది అసలు సంగతి. నేను మెటలర్జీ చదివాను, ఉద్యోగం కూడా అందులోనే. టైటానియం అని అమ్మే పట్టీల్లో నికెల్-టైటానియం మిశ్రమంతో చేసినవీ ఉంటాయి, అంటే నిటినాల్. అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో పుట్టిన లోహం. పళ్ళకు బిగించే తీగలు, ఎంత వంచినా విరగని కళ్ళజోడు ఫ్రేములు దీనివే. వంచి వదిలితే తిరిగి నిటారుగా రావడం దీని గొప్పతనం, కానీ ఆ గుణం ఒక ఉష్ణోగ్రతకు పైన మాత్రమే. దానికి బాగా దిగువన లోపలి స్ఫటిక నిర్మాణం మారిపోయి లోహం మెత్తబడుతుంది. వంచితే వంగినట్టే ఉండిపోతుంది, వెచ్చబెడితేగానీ నిటారు కాదు. ఆ ఉష్ణోగ్రత ఎంతన్నది తయారీలో నికెల్ పాళ్ళను బట్టి, వేడిచేసిన పద్ధతిని బట్టి ఉంటుంది. పాకెట్ మీద రాయరు. షాపులో 70 డిగ్రీల్లో బ్రహ్మాండంగా ఆడిన పట్టీ సున్నా ఫారన్‌హీట్‌లో చచ్చుబడొచ్చు. మామూలు స్ప్రింగ్ స్టీలుకు ఈ బెడద లేదు.

డులూత్ చలి
మాస్టారూ, పుస్తకంలో ఉన్నదంతా మంచు మీద జరగదు. నా టైటానియం పట్టీని మైనస్ 15 ఫారన్‌హీట్‌లో కూడా వాడాను, ఎన్నో సీజన్లుగా అదే. వంచితే టక్కున లేస్తుంది. స్టీలు పట్టీలు మాత్రం కారు డిక్కీలో ఒకసారి మడత పడ్డాయంటే ఇక అంతే, ఆ మడత పోదు. కొత్త కుర్రాణ్ణి స్టీలు వైపు తోస్తే వాడు రెండు వారాలకోసారి కొత్తది కొనుక్కోవాలి.

లోహాల మాస్టారు
మీది పనిచేస్తోందంటే దాని మార్పు ఉష్ణోగ్రత బాగా తక్కువని అర్థం. లేదా అది అసలు నిటినాలే కాదు, వేరే టైటానియం మిశ్రమం. నేను చెప్పింది తప్పని దీంతో రుజువు కాదు. అన్ని పట్టీలూ మీ పట్టీలాంటివే అని కుర్రాడికి చెప్పడం తప్పు.

డులూత్ చలి
నేను అన్నీ అనలేదు. నాది అన్నాను. మీరే అన్నీ చచ్చుబడతాయన్నట్టు భయపెట్టారు.

లోహాల మాస్టారు
"చచ్చుబడొచ్చు" అని రాశాను. పైకెళ్ళి చదవండి.

బ్రూక్లిన్ పార్క్ అన్న
ఇద్దరూ ఆగండి. ఇంట్లో ఫ్రీజర్ ఉంది కదా, లోపల సున్నా ఫారన్‌హీట్ ఉంటుంది. పట్టీని రాత్రంతా అందులో పెట్టండి. పొద్దున తలుపు తీసి లోపలుండగానే వంచి వదలండి. లేచిందా, వాడుకోండి. లేవలేదా, వెచ్చటి టెంట్‌కి ఉంచుకోండి.

ఇక తమ్ముడి అసలు బాధ స్ప్రింగ్ కాకపోవచ్చు. ఏ రీల్ వాడుతున్నావు? మామూలు స్పిన్నింగ్ రీల్ అయితే లైనులో మెలికలు పడతాయి. కింద జిగ్ బొంగరంలా తిరుగుతూనే ఉంటుంది. బ్లూగిల్ వచ్చి, ఆ తిరుగుడు చూసి, మొహం తిప్పుకుని పోతుంది. లైను మెలిక పడకుండా నేరుగా దిగే ఇన్‌లైన్ రీల్‌కి మారు. గుంతలో రెండడుగుల లోతున జిగ్‌ని ఆపి కళ్ళతో చూడు, తిరుగుతోందో లేదో నీకే తెలుస్తుంది.

వాకోనియా బాబాయ్
పురుగు తోలు మిగిలిందంటే చేప నోట్లో పెట్టుకుందనే కదా. మొహం తిప్పుకుపోయిన చేప తోలెలా మిగుల్చుతుంది? అడిగింది చదివి చెప్పండి.

సింకో పెర్చ్ (ఒంటారియో)
మా సింకో సరస్సు మీద పెర్చ్ చేపకి స్ప్రింగ్ నేను తీసేశాను. లోతుగా వేసేటప్పుడు బరువైన స్పూన్ (లోహపు రేకు ఎర) కావాలి. ఆ బరువుకి స్ప్రింగ్ మొత్తం కిందికి వాలిపోతుంది, ఇక అది చెప్పేదేమీ ఉండదు. గాలి వీస్తే ఊరికే వణుకుతుంది, కాటేదో గాలేదో తెలియదు. మంచి మెత్తని కొస ఉన్న రాడ్ ఉంటే ఈ తంటా అంతా అక్కర్లేదు.

దివిసీమ (ఇప్పుడు మాడిసన్)
సింకో గారూ, స్పూన్‌కి స్ప్రింగ్ ఎవరు పెట్టమన్నారు? అర గ్రాము, గ్రాము జిగ్‌లకు కదా అది. మా ఊళ్ళో కాలవ మీద గాలానికి జీలుగు బెండు కట్టేవాళ్ళం. చిన్న జెల్లలకి చిన్న బెండు, కొర్రమీనుకి వేరే బెండు. ఎర బరువును బట్టి బెండు. ఇక్కడా అదే లెక్క.

నాకు ఇక్కడ నేర్పింది పక్కింటి రష్యన్ పెద్దాయన. వాళ్ళకు మొర్మిష్కా అని చిన్న జిగ్ ఉంటుంది, రాడ్ కొసకు కివోక్ అని పల్చటి పట్టీ తగిలిస్తారు. అది ఈ స్ప్రింగ్ బాబరే. పాలియెస్టర్ ఫిల్ముని కత్తెరతో పొడవుగా, కొసకు వచ్చేసరికి సన్నగా కత్తిరిస్తాడు. కొసలో సూదితో చిల్లు పొడిచి, ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెడతాడు. ఒక్కో జిగ్ బరువుకి ఒక్కో పట్టీ, అగ్గిపెట్టెలో వరసగా పెట్టుకుంటాడు. కివోక్‌కి అడవిపంది వెంట్రుకలు కూడా వాడతారట వాళ్ళు. ప్లాస్టిక్ చవక, తుప్పు పట్టదు, నీటిబొట్టు నిలిచినా వేలితో తీసేయొచ్చు. లోహాల గొడవ పడేవాళ్ళు ఒకసారి ఇది ప్రయత్నించండి.

లోహాల మాస్టారు
పెద్దాయన పద్ధతి సరైనది. దానికి కారణం కూడా చెప్తాను. ఒక చివర బిగించిన పట్టీ గట్టితనం దాని పొడవు ఘనానికి విలోమంగా ఉంటుంది. 4 అంగుళాలు బయటికున్న పట్టీని 2 అంగుళాలకు లోపలికి నెడితే 8 రెట్లు గట్టిపడుతుంది. మందం విషయంలోనూ ఘనమే, మందం రెట్టింపైతే 8 రెట్లు గట్టి. అందుకే జరిపేటప్పుడు కాస్త కాస్తగా జరపాలి. 5 మిల్లీమీటర్ల జిగ్‌కి మారినప్పుడు కొద్దిగా లోపలికి నెడితే చాలు, ఇంకో బాబర్ కొననక్కర్లేదు.

సాగినా బే గట్టు
బాబర్లు, ఘనాలు పక్కన పెట్టండి. నేను నిరుడు జనవరిలో విస్కాన్సిన్‌లో ఒక చిన్న సరస్సు మీద స్ప్రింగ్‌తోనే బకెట్ నింపాను. అన్నీ 9 అంగుళాలు దాటిన బ్లూగిల్లే. ఏ పట్టీ అయినా ఒకటే, చేప ఉన్నచోట కూర్చోవడం తెలియాలి.

బ్రూక్లిన్ పార్క్ అన్న
9 అంగుళాలవి బకెట్ నిండా తీసుకుపోయానని గొప్పగా చెప్పుకుంటున్నారా? గూడు కాపలా కాసేవి ఆ పెద్ద మగచేపలే. అవి పోతే చిన్న మగవి తొందరగా గుడ్ల కాలానికి దిగిపోయి ఎదగడం మానేస్తాయి. కొన్నేళ్ళకు సరస్సంతా అరచేతిలో సగం ఉండే చేపలే. మిన్నెసోటాలో రోజుకు 20 సన్‌ఫిష్ (బ్లూగిల్, దాని జాతి చేపలు) అని పరిమితి ఉన్నా కొన్ని సరస్సుల్లో 10కి, 5కి తగ్గించింది ఇందుకే. తినడానికి 7 అంగుళాలవి తీసుకోండి, పెద్దవాటిని వదిలేయండి.

సాగినా బే గట్టు
నాకు లైసెన్స్ ఉంది, పరిమితి లోపే తీసుకున్నాను. మీరు నాకు నీతులు చెప్పనక్కర్లేదు.

బ్రూక్లిన్ పార్క్ అన్న
పరిమితి లోపల ఉన్నదంతా మంచి పనే అవ్వదండి. నా పిల్లలు కూడా ఆ సరస్సుల మీదే గాలం వెయ్యాలి. ఈ మాట ఎన్నిసార్లయినా చెప్తాను.

సుజాత_ఈడెన్‌ప్రెయిరీ
చేపలు వండేవాళ్ళ మాట కూడా వినండి. బ్లూగిల్, క్రాపీ ఫిల్లెట్లు పులుసులో వేస్తే విడిపోతాయి. పొలుసు తీసి ముల్లుతో సహా చేపను అలాగే వేస్తేనే పులుసు నిలబడుతుంది. ఫిల్లెట్లయితే ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి, కొంచెం బియ్యప్పిండి పట్టించి వేపుడే. పులుసుకి మాకు నచ్చింది వాలై చేప. అన్నట్టు స్ప్రింగ్ విషయం, మా ఆయన రాడ్‌కి పట్టీ రింగు లోపల పూస పెట్టించుకున్నాక లైను ఒరుసుకుపోవడం తగ్గింది.

డులూత్ చలి
వాలై పులుసు ఎలా చేస్తారో వేరే చర్చలో పెట్టండి సుజాత గారూ, మా ఇంట్లో అడుగుతున్నారు.

నిర్వాహకుడు
చేపల పరిమితి గొడవ ఇక్కడితో ఆపండి, వంట వేరే చోట. ఒక్క మాట మాత్రం అందరికీ. సీజన్ మొదట్లో ఉత్సాహంగా పరుగెత్తకండి. నడవడానికి గట్టి, స్వచ్ఛమైన మంచు కనీసం 4 అంగుళాలు ఉండాలని మిన్నెసోటా డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) చెప్తుంది. తెల్లటి మంచుకి సగం బలమే, దాని మీదైతే రెట్టింపు మందం కావాలి. ప్రతి కొన్ని అడుగులకీ గునపంతో కొట్టి చూడండి. మెడలో ఐస్ పిక్స్ (నీళ్ళలో పడితే మంచుకి గుచ్చి పైకి పాకడానికి మేకులు) లేకుండా ఎవరూ దిగకండి.

ప్లిమత్ కుర్రాడు
అందరికీ చాలా థాంక్స్. నాది స్పిన్నింగ్ రీలే అన్నా, కిందికి చూశాను, జిగ్ తిరగట్లేదు. పట్టీదే తీసుకుంటున్నాను, జరిపేది. ఫ్రీజర్ పరీక్ష చేస్తాను. కానీ రెండు సంగతులు ఎవరూ చెప్పలేదు. విడిగా కొన్నదాన్ని రాడ్‌కి ఎలా బిగించాలి? నా రాడ్ కొస రింగు మరీ చిన్నది. క్రాపీ సంగతీ తేలలేదు.

వాకోనియా బాబాయ్
హీట్ ష్రింక్ ట్యూబు, వేడికి ముడుచుకుని బిగుసుకునేది. ఎలక్ట్రికల్ సామాన్ల దగ్గర దొరుకుతుంది. కొస రింగుకు అర అంగుళం వెనక పట్టీ మొదలును రాడ్ మీద పెట్టి, ట్యూబు ఎక్కించి, హెయిర్ డ్రైయర్‌తో వేడిచెయ్యి. లైటరుతో చేస్తే గ్రాఫైట్ కాలిపోతుంది, జాగ్రత్త. పట్టీని గట్టిగా తోస్తే కదలాలి, చేప లాగితే కదలకూడదు, అంతే బిగువు. లైను ముందు కొస రింగులోంచి, తర్వాత పట్టీ చివరి కంటిలోంచి పోవాలి. పెద్ద చేప పడితే పట్టీ మొత్తం కిందికి వాలిపోతుంది, బరువు రాడ్ మీద పడుతుంది, కంగారుపడకు.

హౌటన్ లేక్ శీను
క్రాపీకి అదే పనికొస్తుంది, చిన్న ప్లాస్టిక్ ఎరలకైతే ఇంకా బాగుంటుంది. క్రాపీ కింద నుంచి పైకి వచ్చి మింగుతుంది, కాబట్టి పట్టీ లేవడం మరీ స్పష్టంగా తెలుస్తుంది. మిన్నో అనే చిన్న చేపను ఎరగా వేస్తే మాత్రం పట్టీని బాగా లోపలికి నెట్టు, బతికున్న మిన్నో తన్నుకుంటే పట్టీ ఆగకుండా ఊగుతుంది.

డులూత్ చలి
మాస్టారూ, ఫ్రీజర్‌లో పెట్టి చూశాను. నాది లేచింది.

లోహాల మాస్టారు
మంచిది. ఫ్రీజర్ సున్నా ఫారన్‌హీటే, మీ దగ్గర మైనస్ 15 పడుతుంది. ఈసారి చలి ముదిరిన రాత్రి వరండాలో పెట్టి పొద్దున్నే వంచి చూసి రాయండి. పట్టీ ఎంత పొడవు బయటికుందో, ఏ జిగ్‌తో వాడతారో కూడా రాస్తే కుర్రాడికి పనికొస్తుంది.

డులూత్ చలి
రెండున్నర అంగుళాలు. 4 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్. వరండా సంగతి శనివారం రాస్తాను.