వైఫై బల్బు కంప్యూటరా, కాదా?

పాతరేడియో: రౌటర్ యాప్ తెరిచి చూస్తే మా ఇంట్లో పదకొండు కనెక్షన్లు, మనుషులం చూస్తే ఇద్దరం. ఒకదాని పేరు ఈఎస్‌పీ అని మొదలై వెనకాల ఆరు అంకెలూ అక్షరాలూ. రెండ్రోజులు టెన్షన్ పడి, ఒక్కో స్విచ్చీ కట్టేసుకుంటూ వెళ్తే తేలింది, హాల్లో బల్బు! మా అబ్బాయి డల్లాస్ నుంచి వచ్చినప్పుడు పెట్టి వెళ్లాడు. లోపల కంప్యూటర్ ఉందని డబ్బా మీద రాయొద్దా?

చిప్పుమామ: కంప్యూటర్ కాదండీ, మైక్రోకంట్రోలర్, అంటే ఒక్క వస్తువుని నడపడానికి పెట్టే బుల్లి చిప్పు. ఈఎస్‌పీ8266 అయ్యుంటుంది, షాంఘై కంపెనీ ఎస్ప్రెసిఫ్ 2014లో తెచ్చిన చిప్పు. అనవసరంగా భయపెట్టకండి.

పాతరేడియో: 32 బిట్ల ప్రాసెసరు, 80 మెగాహెర్ట్జ్, సొంత ఐపీ అడ్రసు. మా ఆఫీసులో 33 మెగాహెర్ట్జ్ 386 పీసీని ఏసీ గదిలో పెట్టి, చెప్పులు విప్పి లోపలికి వెళ్లేవాళ్లం. అది కంప్యూటరూ, ఇది కాదూ?

చిప్పుమామ: దానికి మానిటర్ ఉంది కదా సార్.

లత_ఖమ్మం: సిమ్ కార్డులోనూ ప్రాసెసర్ ఉంటుంది, అదీ పీకేస్తారా 😀

పాతరేడియో: నవ్వండి. 2016 అక్టోబరులో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాము సీసీ కెమెరాలనీ, వాటి వీడియో రికార్డు చేసే డీవీఆర్ పెట్టెలనీ పట్టుకుని, వెబ్‌సైట్ల పేర్లకి అడ్రసులు చూపించే డైన్ అనే కంపెనీ మీద పడితే అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ గంటలకొద్దీ మొరాయించాయి. పెద్ద విద్యేం కాదు, ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డులు ఓ అరవై చిల్లర వరసగా కొట్టి చూసింది, అంతే.

చిప్పుమామ: అవి లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచేవి! మీ బల్బులో అది పట్టను కూడా పట్టదు, ప్రతి చర్చలోకీ మిరాయ్‌ని లాక్కొస్తారు. తెనాలిలో మా అమ్మ ఒక్కతే ఉంటుంది, వంటింట్లో ఇలాంటి బల్బే పెట్టా. పొద్దున ఆరింటికల్లా వంటింటి లైటు వెలగకపోతే ఫోన్ చేస్తా. నిరుడు ఆవిడ పడిపోయిన సంగతి అలాగే తెలిసింది. మీలాంటివాళ్ల మాట విని పీకేసి ఉంటేనో?

పాతరేడియో: లైటు వేసినప్పుడల్లా మీకు తెలుస్తుందని అమ్మగారికి తెలుసా?

చిప్పుమామ: చెప్తే వేయడం మానేస్తుంది.

పాతరేడియో: అదీ సంగతి. రౌటర్ ఎందుకు తెరిచాననుకున్నారు? మావాడు ఫోన్లో "రాత్రి రెండింటికి లేచి ఏం చేస్తున్నావ్ నాన్నా, నిద్ర పట్టట్లేదా" అన్నాడు. ప్రేమగానే అడిగాడు, కాదనను. ఒళ్లు మండింది మాత్రం నిజం.

చిప్పుమామ: అడక్కపోతే పట్టించుకోవట్లేదంటారు.

లత_ఖమ్మం: ఇంతకీ బల్బు తీసేశారా అంకుల్?

పాతరేడియో: లేదమ్మా, ఉంది. రాత్రిళ్లు టార్చి వేసుకుంటున్నా.