‘పంటి బిగువున’ అనే మాట ఎలా పుట్టింది?

“పంటి బిగువున భరించాను” అంటాం కదా. అర్థం తెలుసు: నొప్పినో దుఃఖాన్నో బయటపడనీయకుండా ఓర్చుకోవడం. పుట్టుకే అంతుచిక్కడం లేదు. 1852 నాటి బ్రౌన్ నిఘంటువు తిరగేశాను. బిగువంటే బిగుతు అని తేలింది, అంతవరకే. ‘పంటి’ అనేది ‘పన్ను’ నుంచి వచ్చిన రూపం, కన్ను–కంటి లాగా. మరి బిగిసేవి పళ్ళన్నీ కదా, ఏకవచనమెందుకో! ‘పళ్ళ బిగువున’ అనేవాళ్ళూ ఉన్నారు గానీ నా చెవికి అది అంతగా ఆనదు.

చిన్నప్పుడు నా కాల్లో ముల్లు పిన్నీసుతో తీస్తూ, నాయనమ్మ తన కొంగు నా నోట్లో పెట్టి “పంటి బిగువున ఉండు” అనేది. అక్కడే అనుమానం మొదలైంది.

ఈ మాట ఉత్తినే పళ్ళు బిగబట్టడం నుంచి వచ్చిందా, నొప్పికి గుడ్డ కరిచిపట్టే అలవాటు నుంచా?